‘ట’ గారి సాక్ష్యం

సాక్షిని ముద్దాయి ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించనివ్వడమంత మొరటు పద్ధతి లోకంలో ఇంకోటి లేదు! పాపం, ఏదో మాట సాయం చేద్దామని వచ్చిన మనిషిని పట్టుకుని ‘నువ్వు చూశావా, ఎక్కడున్నావు’ అని ఆరాలా? పెద్దంతరం చిన్నంతరం ఉండక్కర్లేదా?

మన తెలుగువాళ్లకు ఈ బాధ లేదు. మనకు ‘ట’ ఉంది. వెళ్లాడట, తిన్నాడట, కొట్టాడట! అన్నదెవరో చెప్పక్కర్లేదు, విన్నది నిజమో కాదో తేల్చక్కర్లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ‘ట’ ఉంటే నిప్పుతో పనేముంది?

బుకిట్ బటోక్‌లో ఉండే మహీధర్ సంగతే చూడండి. వైటూకే పుణ్యమా అని సింగపూర్ వచ్చిన ప్రోగ్రామర్. ఒక ఆదివారం తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఇసకేస్తే రాలని జనం. ఊరికి కొత్తయిన జగన్మోహనరావుకు ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనబడింది. అది ఎవరో ఆ చోటును ‘చోప్’ చేసుకున్న, అంటే ముందే ఆపి ఉంచుకున్న గుర్తని ఆయనకేం తెలుసు? ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా పెట్టారనుకుని, మొహం తుడుచుకుని మరీ కూర్చున్నాడు. ప్యాకెట్ పెట్టిన మనిషి వచ్చాడు, మాటా మాటా పెరిగింది. జనం మూగారు. వెనకనుంచి ఎవరో ట్రేతో నెత్తిన ఒక్కటిచ్చారు. ఎవరిచ్చారో ఆయన చూడలేదు. మహీధర్ అప్పటికి అవతల దోసె కోసం క్యూలో ఉన్నాడు.

వారం తిరిగేసరికి ఊరి అవతలి కొసనున్న బెడోక్‌లో ఒక సీమంతంలో భ్రమరాంబ ఆంటీ చెవిన ‘మహీధర్ కొట్టాడట’ అని పడింది. మాట పోలీసుల దాకా పాకింది. వాళ్లొచ్చి అడిగితే ఆవిడ విన్నది విన్నట్టే చెప్పింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చినాయనకు ‘ట’ను ఎక్కడ పెట్టాలో తోచలేదు. ‘హీ హిట్ హిమ్’ అని తేల్చేశాడు. ఆంటీ ప్రత్యక్ష సాక్షి అయిపోయింది!

నేరం రుజువైతే జైలు, ఆపైన వర్క్ పాస్ రద్దు. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదు. భార్య సుస్మిత కోర్టులో వెనక బెంచీ మీద బిక్కచచ్చిపోయి కూర్చుంది. సాక్షిని ఏమైనా అడుగుతావా అన్నాడు జడ్జి. మహీధర్ లేచాడు. భయం ఒకవైపు, ఆవిడ చేతి పులిహోర తిన్న మొహమాటం ఇంకోవైపు.

“ఆంటీ, నేను కొట్టడం మీరు చూశారా?”

“నేనెక్కడ చూశాను నాయనా? కొట్టావట అన్నాను.”

“ఎవరన్నారు?”

“అందరూను,” అంది.

కోర్టు దుబాసీ ఈసారి ‘ట’ను వదల్లేదు. ఆ ఒక్క అక్షరాన్ని జడ్జికి విప్పి చెప్పడానికి అతనికి నాలుగు వాక్యాలు పట్టాయి. మహీధర్‌ను వదిలేశారు. సుస్మిత అక్కడే భోరుమంది.

చూశారా ఎంత ఘోరమో! రెండే రెండు ప్రశ్నలకు అంత చక్కని సాక్ష్యం మట్టిగొట్టుకుపోయింది. అందుకే మన విందు భోజనాల్లో ముద్దాయికి ఆ హక్కు ఇవ్వం.

ఆ తర్వాత ఒక గృహప్రవేశానికి మొగుడూ పెళ్లాలిద్దరూ వెళ్లారు. వాళ్లు రాగానే కబుర్లు ఆగాయి. వడ్డించుకుంటుంటే వెనకనుంచి వినబడింది, పెద్ద లాయర్‌ను పెట్టి బయటపడ్డాడట అని.

మహీధర్ ప్లేటుతో సహా వెనక్కి తిరిగాడు. కోర్టులో అడిగినంత మర్యాదగానే అడిగాడు.

“ఎవరన్నారు?”

పప్పు బాగా కుదిరిందన్నారు అందరూను.