అందరికీ ఒకే విడివిడి వైద్యం

“ఇకమీదట ఎవరి ఆందోళన వారిది, ఎవరి వైద్యం వారిది!” అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ వాక్యం టైపు చేసింది నేనే. ఆయన పేషీలో పదకొండేళ్లుగా టైపిస్టుని. అంత గొప్ప వాక్యం నా వేళ్ల మీదుగా పోవడం అదే మొదలు. అంతకుముందు ఏడాది ఆయన “ఆరోగ్యమే ఆరోగ్యం” అన్నారు గానీ, దీని ముందు అది దిగదుడుపే.

ఇంత మహత్తర పథకానికి మూలపురుషుడు మా బావ. అక్క మొగుడు. సొంత మనిషి గురించి గొప్పలు చెప్పుకోకూడదు గానీ, జరిగింది జరిగినట్టు చెబుతాను.

బావ ప్రభుత్వ భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. లిఫ్టు తాడు గురించి దిగులు పడటం ఆయన ఉద్యోగం. మిగతా ప్రపంచం గురించి దిగులు పడటం అలవాటు. కూతురు తుమ్మితే న్యుమోనియా. ఫోను మోగితే చావుకబురు. మోగకపోతే, ఫోను చేయడానికి కూడా ఎవరూ మిగల్లేదని అర్థం. ఫలానా కారణమంటూ లేకుండా ఎనిమిది నెలలపాటు గుండెదడ, మెడనొప్పి, కంటిమీద కునుకు లేదు.

“ఈయన్ని కట్టుకున్నాక నాకు దిగులుపడే అవకాశమే రాలేదురా. అంతా ఆయనే పడేస్తారు” అనేది అక్క. నవ్వుతూనే అనేది గానీ, ఆమె కళ్ల కింద కూడా నల్లటి చారలు వచ్చాయి.

చివరికి నేనే ఆయన్ని పెద్దాసుపత్రిలో మానసిక వైద్యురాలి దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ గదిలో మూడు కుర్చీలు, ఒక ఫ్యాను. ఫ్యానుకి రెండే రెక్కలు. బావ కూర్చోకముందే కుర్చీని దాని కిందనుంచి జరిపేశాడు.

“మంచిపని చేశారు. ఆ భయం న్యాయమైనదే. మిగతావి చెప్పండి” అంది డాక్టరమ్మ.

గంటసేపు విన్నది. విని, “దీనికి దారులు చాలా ఉన్నాయండీ. ఆలోచనల్ని మాటల్లో పెట్టి సరిచూసుకోవడం ఉంది, ఒంటిని వదులు చేసే సాధన ఉంది, మందులున్నాయి. కొందరికి రెండు కలపాలి. మీకేది కుదురుతుందో ఇద్దరం కలిసి చూద్దాం. ఆరు వారాల్లో కుదరకపోతే మారుద్దాం. ఇంతకీ మీకు బాగా చేతనైన పనేంటి?” అని అడిగింది.

“రిపోర్టు రాయడం” అన్నాడు బావ సిగ్గుపడుతూ.

“అయితే మీ దిగుల్నే తనిఖీ చేయండి. లోపం ఏమిటి, కంటితో చూసిన ఆధారం ఏమిటి, వారం తర్వాత నిజంగా ఏం జరిగింది. రాసి తీసుకురండి.”

బావ దగ్గర వేరే కాగితాలు లేవు. లిఫ్టు తనిఖీ ఫారాల మీదే రాశాడు. ఆరు వారాల్లో నలభై ఒక్క రిపోర్టులు. ముప్ఫై తొమ్మిదింట్లో “ప్రమాదం జరగలేదు”. మిగతా రెండింట్లో ఒకటి మామూలు జలుబు, ఒకటి గొడుగు పోవడం. ఓ పొద్దున్నే అక్క ఏడుస్తూ ఫోను చేసింది.

“ఒరేయ్, రాత్రంతా గురక పెట్టార్రా!”

ఆ ఆనందంలో నేను పేషీలో నోరు జారాను. గంటలో మంత్రిగారు ఆ ఫారం తెప్పించుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అచ్చు వేయించమన్నారు. లక్ష కాపీలు. సాయంత్రానికి ఆ ప్రకటన చేసేశారు. మర్నాడు డాక్టరమ్మని పిలిపించారు.

“సార్, అది లిఫ్టు ఫారం. ఆయన చేతికి అలవాటైంది కనక ఆయనకి పనికొచ్చింది. అదే వారం వచ్చిన మంగలాయనకి వేరేలా చెప్పాను” అందావిడ.

“ఒకడికి పనిచేసింది ఇంకొకడికి ఇవ్వకపోతే అది వివక్ష కాదూ?”

“మరి ఎవరి వైద్యం వారిది అన్నారు కదండీ?”

“అవునమ్మా. అందుకే పైన ఎవరి పేరు వాళ్లే రాసుకుంటారు.”

ఎంత సూక్ష్మబుద్ధి! నేను వెంటనే నోటు చేసుకున్నాను.

పథకం మొదలైన రోజు ఆసుపత్రి వరండాలో ఇసకేస్తే రాలనంత జనం. కాంపౌండరు బల్ల వేసుకుని ఫారాలు నింపుతున్నాడు. ముందు ఒక కుట్టుపనామె వచ్చింది.

“తాడు అరిగిందా?”

“ఏం తాడు నాయనా? నా కొడుకు మూడు వారాలుగా నాతో మాట్లాడటం లేదు. ఏం చేసుకుంటాడోనని...”

“అది ‘తలుపు తెరుచుకోవడంలో జాప్యం’ కిందికి వస్తుంది” అని కాంపౌండరు టిక్కు పెట్టాడు. “నూనె వేయించాలి. తర్వాతివాళ్లు రండి!”

తర్వాత రిటైరైన లెక్కల మాస్టారు. “ఎంతమంది బరువు మోయగలరు?” అన్న ప్రశ్నని ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. “ఇంట్లో ఎనిమిది మంది. ఎన్నేళ్లనుంచో నేనే మోస్తున్నాను బాబూ” అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాంపౌండరు మనసున్న మనిషి. “ఎనిమిది దాకా ఫరవాలేదు మాస్టారూ, తొమ్మిదో మనిషిని ఎక్కించకండి” అని ధైర్యం చెప్పాడు.

నెల తిరిగేసరికి ఫలితాలు వచ్చాయి. తొంభై ఆరు శాతం మంది “వాడకానికి యోగ్యం” అని తేలింది. పత్రికలకి ఆ ప్రకటన పంపుతుంటే నా ఒళ్లు గగుర్పొడిచింది.

ఇక ఊరూరా సభలు. ప్రతి సభలోనూ బావని వేదికెక్కించి “నాకిప్పుడు ఏ కంగారూ లేదు” అనిపించాలి. నలుగురి ముందు నోరు విప్పడమంటే బావకి చిన్నప్పటినుంచీ ప్రాణం మీదికి వస్తుంది. మొదటి సభలో మైకు పట్టుకుంటే మైకు వణికింది. “భావోద్వేగం” అని మంత్రిగారు జనానికి వివరించారు. రెండో సభలో గొంతు పెగల్లేదు. “కృతజ్ఞత” అన్నారు. మూడో సభకి బావ మళ్లీ నిద్ర మానేశాడు. అక్క నాకు ఫోను చేసి ఒక్క మాటే అంది: “నీ నోరు పడిపోనూ.”

ఆయన్ని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఈసారి ఫారాలు అడగలేదు.

“మీరిప్పటిదాకా ఎవరికైనా ‘చేయను’ అని చెప్పారా?”

బావ ఆలోచించాడు. “లేదండీ. చెబితే ఏమవుతుందో అని.”

“ఈ వారం మీ సాధన అదే. ఎవరికైనా ఒక్కరికి చెప్పి చూడండి. ఏమవుతుందో వచ్చి నాకు చెప్పండి.”

ఆవిడ ఉద్దేశం ఇంటి పక్కవాడికో, తోటి ఉద్యోగికో అయ్యుంటుంది. బావ నాలుగో సభని ఎంచుకున్నాడు. మంత్రిగారు భుజం మీద చేయి వేసి మైకు అందించారు. ఎదురుగా నాలుగు వేలమంది. బావ మెడ మీద చెమట నాకు కిందనుంచే కనిపించింది.

“నాకు ఇలా మాట్లాడటం ఇష్టం లేదండీ. ఇకమీదట రాను” అన్నాడు.

మైకు మంత్రిగారి చేతికే తిరిగిచ్చి, మెట్లు దిగి, అక్క పక్కన వచ్చి కూర్చున్నాడు. అక్క ఆయన చేయి పట్టుకుని వదల్లేదు. వెనకవరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. అవి ముందువరస దాకా పాకాయి. మంత్రిగారు కూడా చేసేది లేక కొట్టారు.

ఆ రాత్రి బావ గురక గోడ అవతలికి వినపడిందట.

మర్నాడు మంత్రిగారు నన్ను లోపలికి పిలిచారు. తలుపు వేయమన్నారు. “ఆయనకి ఆ మాట నేర్పింది డాక్టరమ్మేనా?” అన్నారు. నాకు అబద్ధం చేతకాదు, అవునన్నాను. మెమో రాసుకోమన్నారు. రాశాను: “పథకం నిబంధనలకు విరుద్ధంగా, ఒక్కొక్క రోగికి ఒక్కొక్క రకంగా వైద్యం చేస్తూ పక్షపాతం చూపినందుకు మిమ్మల్ని ఎందుకు సస్పెండు చేయరాదో వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసింది.”

ఒక్క అచ్చుతప్పు లేదు. సంతకం చేశారు. నేను తీసుకుని లేచాను.

“కూర్చో” అన్నారు. కిటికీ కేసి చూశారు. గొంతు తగ్గించి, “మంత్రివర్గంలో మార్పులని విన్నప్పటినుంచీ నాకు ఇక్కడ దడగా ఉంటోందయ్యా” అని గుండె చూపించారు. “నిద్ర లేదు. ఆవిడతో ఒక గంట మాట్లాడించు. నాకని విడిగా ఏదైనా ఉందేమో అడుగు.”

“ఫారం పట్టుకెళ్లమంటారా సార్?”

“ఆ దిక్కుమాలిన ఫారం నాకెందుకు?”

అక్కడే ఫోను చేశాను. గురువారం సాయంత్రం నాలుగింటికి రమ్మంది డాక్టరమ్మ.

“మరి ఈ మెమో ఎప్పుడు పంపమంటారు సార్?”

మంత్రిగారు క్యాలెండరు చూశారు.

“శుక్రవారం.”