చిన్న ఫొటోలో పెద్ద ఉల్లిపాయ

ఈ భూమ్మీద ఏది ఉందో ఏది లేదో ఇకపై పిక్సెళ్లే నిర్ణయిస్తాయని మా పర్యాటక ఆకర్షణల శాఖ ప్రకటించింది. తత్వవేత్తలు ఇన్నాళ్లూ తలలు బద్దలుకొట్టుకున్న ఈ విషయాన్ని శాఖవారు టీ విరామానికి ముందే తేల్చేశారు.

ఆస్ట్రేలియాలో మా వైపు, దారిన పోయే కార్లను ఆపడానికి, ప్రతి ఊరికీ ఏదో ఒక పెద్ద బొమ్మ ఉంటుంది. పక్క ఊరికి పెద్ద రొయ్య, ఆ పైదానికి పెద్ద గొర్రె. మా కురాబిన్‌కు పెద్ద ఉల్లిపాయ. రెండంతస్తుల ఎత్తున సిమెంటుతో మెర్వ్ కట్టాడు. మెర్వ్ పోయాడు. ఆయన భార్య నొలీన్ దాని నీడలోనే మాంసం పైలు, అంటే మాంసం కూరి కాల్చిన రొట్టెలు, అమ్ముకుంటోంది. హైవే మీద దారి చూపే మా శాఖవారి గోధుమరంగు బోర్డు ఉన్నంతకాలమే కార్లు ఇటు తిరుగుతాయి. బోర్డు పోతే దుకాణం మూతే.

శాఖలో చిత్ర పరిమాణ అర్హతాధికారి లాక్లన్ ఒక పైథాన్ ప్రోగ్రామ్ రాశాడు (పాము కాదు, పాముకైతే కళ్లుంటాయి). అది ఇంటర్నెట్‌లో ప్రతి ఆకర్షణనూ వెతికి, ఫొటోలన్నీ ఏరుకొచ్చి, వెయ్యి పిక్సెళ్ల వెడల్పు లేనివాటిని పారేస్తుంది. పెద్ద ఫొటో లేనిది పెద్ద ఆకర్షణ కాదు. మా ఉల్లిపాయకు ఉన్నది ఒక్కటే పాత ఫొటో, పక్కన మెర్వ్ నిక్కరులో నవ్వుతూ. అది తపాలా బిళ్లంత. పోయింది.

నొలీన్ లాక్లన్‌కు ఫోన్ చేసింది. శాఖలో బోర్డుల గుమాస్తాగా నేను అతని పక్కనే ఉన్నాను.

"ఫొటో చిన్నదైతే ఉల్లిపాయ చిన్నదవుతుందా నాయనా? ఒకసారి వచ్చి తలెత్తి చూడు. మెడ పట్టేస్తుంది."

"చూడటం మా పద్ధతిలో లేదండీ. కొలవటమే."

"కొత్త ఫొటో ఇప్పుడే తీసి పెడతా."

"పెట్టండి. వెతుకులాటలో పైకి రావడానికి నెలలు పడుతుంది. బోర్డు తీసేయడానికి గడువు శుక్రవారం."

"మా ఆయన నడుం విరగ్గొట్టుకుని కట్టాడయ్యా దాన్ని."

"నడుముకు మా ఫారంలో గడి లేదండీ."

శుక్రవారం అద్భుతం జరిగింది. 'పెద్ద ఉల్లిపాయ' అని వెతికిన ప్రోగ్రామ్‌కు ఎవరో విత్తనాల వ్యాపారి పెట్టిన, గోడంత ఫొటో దొరికింది. తెల్ల పళ్లెంలో ఒక ఉల్లిపాయ. కురాబిన్ ఉత్తమ శ్రేణిలో నమోదైంది. బోర్డు నిలిచింది. నేను సంతోషించాను, సిగ్గులేకుండా.

తర్వాత తనిఖీకి లాక్లన్ స్వయంగా వచ్చాడు (ఫొటో నిజమో కాదో చూడటానికి మాత్రం మనిషే కావాలట). ఎండ మండిపోతోంది. సిమెంటు ఉల్లిపాయ నీడలో నిలబడి ఒక మాంసం పై కొనుక్కుని తిన్నాడు. ఫోన్‌లో పళ్లెం ఫొటో చూపించి, నమోదైన ఆకర్షణ ఎక్కడని అడిగాడు.

నొలీన్ వంటింట్లోకి వెళ్లి, తెల్ల పళ్లెంలో ఒక ఉల్లిపాయ పెట్టి తెచ్చింది.

"ఇదేనా నీక్కావలసింది?"

లాక్లన్ ఫోన్‌లోని ఫొటోతో సరిచూసుకున్నాడు. చాలా తృప్తిపడ్డాడు. చెమట తుడుచుకుని ఇంకాస్త నీడలోకి జరిగాడు.

"అంతా బాగుందండీ. ఒక్కటే లోపం. వెనక ఈ సిమెంటు కట్టడమేదో ఉల్లిపాయను కనబడనివ్వడం లేదు. నెలాఖరులోగా పడగొట్టించేయండి."