రాయుడుగారి రెండు వందల మీటర్లు

అంతర్జాతీయ పోటీల్లో మహిళల ఎనిమిది వందల మీటర్ల పందెం గెలిచిన నూకరత్నం పరుగులో మొదటి ఆరు వందల మీటర్లు ఆమెవేననీ, మిగతా రెండు వందలు రాయుడు అనే మగవాడివనీ విచారణలో తేలింది. పతకం రాయుడికి ఇచ్చారు. పందెం పూర్తి చేసింది ఆయనే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

విచారణ పద్ధతిగానే జరిగింది. చివరి మలుపులో నూకరత్నం ముందున్న వాళ్ళందరినీ దాటుకుని వచ్చేసరికి, ఒక ఆడపిల్ల అలా పరిగెత్తడం అనుమానించదగ్గ విషయమేనని పోటీల మండలి భావించింది. రక్తం తీశారు, గోళ్ళు కత్తిరించారు, ఎముకలకు ఫొటోలు తీశారు. అన్నిట్లోనూ ఆడదనే వచ్చింది. మండలి నిరుత్సాహపడకుండా ఒక అధికారినీ, ఒక దుబాసీనీ ఆమె సొంతూరు చీపురుపల్లి పంపింది. అంత దూరం నుంచి తన కూతురి గురించి అడగడానికి వచ్చారన్న సంబరంలో తల్లి అప్పలనరసమ్మ వాళ్ళకు టీ ఇచ్చి, ఉన్న మాట చెప్పింది.

"ఉత్తప్పుడు మా గుంట మెత్తనే బాబూ. ఆఖర్న మాత్రం మగరాయుడే."

దుబాసీ నిజాయితీపరుడు. మాటకు మాట దింపాడు. ఆఖర్న వచ్చేది రాయుడు, ఆయన మగవాడు. మండలి ఊపిరి పీల్చుకుంది. ఆడవాళ్ళ పందెం మగవాళ్ళు మొదలుపెట్టకూడదని నిబంధన ఉంది గానీ, ముగించకూడదని ఎక్కడా లేదు. మన జాతీయ పరుగుల సమాఖ్య కార్యదర్శి సదానందం గారు ఆ సమావేశంలోనే ఉన్నారు. ఆయన తెలుగువాడే. ఆ మాటకు అర్థం తెలుసు. కానీ అంత పెద్ద మండలిని నలుగురిలో తప్పుపట్టడం మర్యాద కాదని ఊరుకున్నారు. వచ్చే ఏడాది సమావేశం స్విట్జర్లాండులో ఉంది మరి.

రాయుడుగారికి విశాఖపట్నంలో ఊరేగింపు జరిగింది. పూలు కట్టిన జీపులో ఖాళీ సీటుకు దండ వేశారు. నూకరత్నం వెనక వ్యానులో సామాన్లతో వచ్చింది. ఆయన్ను కళ్ళారా చూసినవాళ్ళు లేరన్నది నిజమే, కానీ పెద్దవాళ్ళు అందరికీ కనబడతారా? ఆయనకు ఒక కార్యాలయంలో అధికారి ఉద్యోగం కూడా ఇచ్చారు. సీట్లో మనిషి లేకపోవడం అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు.

నూకరత్నానికి మాత్రం కడుపు మండిపోయింది. వెళ్ళి సదానందం గారి బల్ల ముందు నిలబడింది.

"పరిగెత్తింది నాను కాదేటి సార్? కాళ్ళు నావి, ఊపిరి నాది."

"కాళ్ళు నీవి కాదని ఎవరన్నారమ్మా? రాయుడుగారు వాడుకున్నారు, అంతే."

"నాకు ఉద్యోగం వొద్దు, ఊరేగింపూ వొద్దు సార్. ఆ గీత నాను దాటినానని రాయండి, సాలు."

"ఆరు వందల మీటర్ల దగ్గర గీత ఉంటే తప్పకుండా రాసేవాళ్ళం," అన్నారు సదానందం గారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

తరువాతి ఏడాది పోటీల్లో ఆమె ఆరు వందల మీటర్ల దాకా అందరికంటే ముందు పరిగెత్తి, అక్కడ ఆగిపోయింది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. రమ్మనండి మీ రాయుణ్ణి, పరిగెత్తమనండి, చూద్దాం అన్నట్టు. మిగతా అమ్మాయిలు ఒక్కొక్కరే ఆమెను దాటి వెళ్ళిపోయారు. గీతవైపు చూడకుండా ఉండడానికి ఆమె తన బూట్లవైపు చూసుకుంది. జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

స్టేడియంలో జనం లేచి నిలబడ్డారు. రాయుడు రాలేదని తెలిసి కొందరు కంటతడి పెట్టుకున్నారు. మర్నాడు పత్రికలన్నీ ఆయన మోకాలి గురించే రాశాయి. ఆయన త్వరగా కోలుకోవాలని గుళ్ళలో అర్చనలు చేయించారు. నూకరత్నానికి సమాఖ్య సంజాయిషీ నోటీసు ఇచ్చింది. అంతటి క్రీడాకారుణ్ణి సగం దారిలో ఎందుకు వదిలేశావు, పందెం ముందు ఆయనేం తిన్నారో కనుక్కున్నావా అని అడిగారు. ఆమె ఆ నోటీసును మడిచి బూటులో పెట్టుకుంది. సాయంత్రం తల్లి ఫోన్ చేసింది.

"ఆయనకి ఒంట్లో ఏటైనా బాగోలేదేటమ్మా?"

"ఎవులికే?"

"రాయుడు బాబుకి. టీవీలో సెప్తన్నారు. ఆయనతో నువ్వేటైనా గొడవాడినావేటి? కూసింత ఓర్సుకోవాల."

నూకరత్నం ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. మగరాయుడన్న మాటను లోకం మీదకు వదిలింది ఆ తల్లే కదా అని గుర్తొచ్చి, నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"తగ్గిపోద్దిలేయే," అంది చివరికి.

ఆ తరువాతి పోటీలకు రాయుడుగారు కోలుకున్నారు. చివరి మలుపులో నూకరత్నం గుండె పగిలేట్టు పరిగెత్తింది. గీత దాటింది. బోర్డు మీద రాయుడు అని పడింది. ఆయన ఆసియా రికార్డు తిరగరాశారు.

ఈసారి సన్మానం పెద్ద హాల్లో పెట్టారు. నూకరత్నం గుమ్మం దగ్గరికి వెళ్తే, బ్యాడ్జీ పెట్టుకున్న పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాసుందా అమ్మా?"

లేదంది.

"పోనీ, రాయుడుగారికి మీరేటవుతారు?"

ఆమె లోపలికి చూసింది. వేదిక మీద ఖాళీ కుర్చీకి శాలువా కప్పుతున్నారు.

"ఇంటామెనండి," అంది.

పెద్దమనిషి కంగారుపడి, దారి చేయించి, మొదటి వరసలో కూర్చోబెట్టాడు. కాసేపటికి సదానందం గారే ఆమెను వేదిక మీదికి పిలిచి, రాయుడుగారి విజయం వెనక ఉన్న మహిళ ఈవిడేనంటూ బొట్టుపెట్టి చీర ఇప్పించారు. ఆరు వందల మీటర్లు తాను ఆయనకంటే ముందే ఉన్నానని ఆమె మైకులో చెప్పబోయింది గానీ, అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు. చీర కూడా బాగుంది.