కూర్చున్న ప్రయాణికురాలు

మనిషి రెండు కాళ్ల మీద నిలబడటం నేర్చుకోవడానికి లక్షల సంవత్సరాలు పట్టిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రెండు కాళ్లనూ వెనక్కి తీసుకోవడానికి విమానాశ్రయానికి నాలుగు సెకన్లు చాలు. ఒక యాప్, అందులో ఒక గడి, ఆ గడిలో ఒక టిక్కు. అంతే.

టిక్కు పెట్టినవాడు కొడుకు. కాళ్లు పోయింది తల్లికి. ఆ సంగతి ఆవిడకు తెలిసింది ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, విమానాశ్రయం గుమ్మం ముందు, టాక్సీ దిగి తన పెట్టె తానే భుజానికెత్తుకున్న తర్వాత.

"అమ్మా, ముందా పెట్టె దించు. ఎవరైనా చూస్తారు," అన్నాడు కొడుకు గొంతు తగ్గించి.

"చూస్తే ఏంట్రా? దొంగసొత్తా?"

"అది కాదు. నువ్వు నడవలేవు."

తల్లి కిందికి చూసుకుంది. కాళ్లు రెండూ యథాస్థానంలోనే ఉన్నాయి.

ఆవిడకు డెబ్భై ఒక్క ఏళ్లు. ముప్ఫై మూడేళ్లు బడిలో పిల్లలకు వ్యాయామం నేర్పింది. అందరూ ఆవిణ్ని డ్రిల్లు మేడం అనే పిలుస్తారు. పళ్ల డాక్టరు కూడా అలాగే పిలుస్తాడు, పిలిచి లేచి నిలబడతాడు. (ఆవిడ కూర్చోమంటే తప్ప కూర్చోడు. అందువల్ల చికిత్స కొంత ఆలస్యమవుతుంది.)

అసలు ఈ ప్రయాణమే ఆవిడది. ఎక్కడో కొండ మీద ఒక పాత కోట ఉంది. పదకొండు వందల నలభై మెట్లు. బతికుండగా ఆ మెట్లన్నీ ఎక్కి పైనుంచి కిందికి ఒకసారి చూడాలన్నది ఆవిడ కోరిక. కొడుకు ఆఫీసు తనిఖీల వల్ల ఒకసారి, కోడలి ఆసుపత్రి డ్యూటీల వల్ల ఇంకోసారి, కారణం ఎవరికీ గుర్తులేక మూడోసారి వాయిదా పడింది. ఈసారి మాత్రం పదేళ్ల మనవరాలిని వెంటేసుకుని, నెల రోజులుగా తాము ఉండే ఆరంతస్తుల భవనం మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కి దిగింది. నాలుగో అంతస్తు వాళ్లు ఫిర్యాదు కూడా చేశారు.

"నేను నడవలేనని ఎవడన్నాడు?"

"నేనే. యాప్‌లో," అన్నాడు కొడుకు. "చక్రాల కుర్చీ వాళ్లకి వేరే దారమ్మా. వాళ్ల వెనకాలే ఇంటిల్లిపాదీ వెళ్లిపోవచ్చు. ఆ క్యూ చూడు ఒకసారి."

చూసింది. క్యూ గుమ్మం దగ్గర మొదలై, స్తంభం చుట్టూ తిరిగి, మళ్లీ గుమ్మం దగ్గరికే వచ్చింది. అది ఏ క్యూ అని చివర నిలబడ్డ పెద్దమనిషిని కోడలు అడిగింది. "తెలీదండీ, ఉందని నిలబడ్డా," అన్నాడాయన.

కొడుకు ఒక కార్యాలయంలో సెక్షన్ అధికారి. రోజూ తన కిటికీ ముందు జనాన్ని బారులు తీర్చే ఉద్యోగం కాబట్టి క్యూ అంటే ఏమిటో ఆయనకు లోపలి వైపు నుంచి క్షుణ్ణంగా తెలుసు. బయటి వైపు అనుభవం లేదు.

"ఒక్క గంట కూర్చో అమ్మా. లోపలికెళ్లాక లేచి పరిగెత్తు, నేనేమైనా వద్దంటానా?"

"ముప్ఫై మూడేళ్లు పిల్లల్ని లేచి నిలబడమన్న దాన్నిరా నేను."

"అత్తయ్యా, నేను అప్పుడే చెప్పా, ఈయన వింటేగా," అంది కోడలు, తనకు బాధ్యత లేదని ముందే నమోదు చేయించుకుంటూ.

డ్రిల్లు మేడం కూర్చుంది. కన్నకొడుకు కదా.

కుర్చీ నంబరు ఏడు. దాన్ని తోయడానికి ఆకుపచ్చ జాకెట్టు వేసుకున్న ఒక మనిషి వచ్చాడు. ఆయన తోస్తుంటే తలుపులు తెరుచుకున్నాయి, తాళ్లు పక్కకు జరిగాయి, జనం జాలిగా దారిచ్చారు. వెనకాల కొడుకు మీసం మెలేసుకుంటూ నడిచాడు. తనిఖీ దగ్గర మాత్రం చిన్న ఇబ్బంది వచ్చింది. బూట్లు చూడాలమ్మా అని అధికారి మర్యాదగా వంగబోతే, ఆవిడ కుడికాలు మోకాలు వంచకుండా ఆయన గడ్డం ఎత్తుకు లేపి అలాగే నిలిపింది. కొడుకు ఆ కాలిని రెండు చేతులతో కిందికి అదిమి, "ఈడ్పులండీ, మధ్య మధ్య వస్తుంటాయి," అని సంజాయిషీ చెప్పుకున్నాడు.

ఎనిమిదింటికల్లా లోపలున్నారు. విమానం పదకొండు నలభైకి. గేటు మూసేది పదకొండుం పావుకి.

"చూశావా?" అన్నాడు కొడుకు, యుద్ధం గెలిచినవాడిలా.

జాకెట్టు మనిషి కుర్చీని నేల మీద పసుపు రంగుతో గీసిన ఒక చదరంలో నిలిపాడు. చక్రాలకు బ్రేకు బిగించాడు. జాకెట్టు విప్పి కుర్చీ వెనక కొక్కేనికి తగిలించాడు. "నా డ్యూటీ అయిపోయిందమ్మా. తర్వాతి ఆయన వస్తాడు, వచ్చి ఇది వేసుకుంటాడు," అని చెప్పి, కాళ్లున్న మామూలు మనిషిలా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

కొడుకు ఫోనులో యాప్ తెరిచాడు. 'మీ సహాయకుడు నాలుగు నిమిషాల దూరంలో ఉన్నారు' అని ఉంది.

తొమ్మిదింటికి కూడా నాలుగు నిమిషాల దూరంలోనే ఉన్నాడు. తొమ్మిదిన్నరకు ఐదు నిమిషాల దూరానికి వెళ్లి, యాప్ క్షమాపణ చెప్పాక మళ్లీ నాలుగుకు వచ్చాడు.

"ఇక చాల్లేరా," అని డ్రిల్లు మేడం లేచి నిలబడింది.

కుర్చీ కుయ్యోమంది. సీటు కింద బరువు కనిపెట్టే యంత్రం ఉందట. ఆ మోత ఆగకముందే చదరాల పర్యవేక్షణాధికారిణి పరుగున వచ్చింది. ముప్ఫై ఏళ్లుండవు. చేతిలో అట్ట, అట్టకు కాగితం, కాగితం మీద డ్రిల్లు మేడం భవిష్యత్తు.

"కూర్చోండి పెద్దమ్మగారూ, పడిపోతారు! మీరు నడవలేరు."

"నడుస్తున్నా కదమ్మా, చూడు." ఆవిడ చదరంలోనే నాలుగడుగులు వేసి చూపించింది.

"అలా అనిపిస్తుందండీ ఒక్కోసారి," అంది అధికారిణి సానుభూతిగా.

డ్రిల్లు మేడం చెవులు పట్టుకుని పది గుంజీలు తీసింది. మనవరాలు లెక్కపెట్టింది. అధికారిణి శ్రద్ధగా చూసి, కాగితం మీద 'ప్రయాణికురాలు అశాంతిగా ఉన్నారు' అని రాసుకుంది.

"నేను నడవగలనని రాయాలంటే ఏం చెయ్యాలి తల్లీ?"

"డాక్టరుగారు చలన ధ్రువపత్రం ఇస్తే మార్చేస్తామండీ. అదిగో, ఆ మెట్లెక్కి పైన ఉంటారు."

"లిఫ్టు లేదా?"

"లేదండీ. ఆయన దగ్గరికెళ్లేది నడవగలమని నిరూపించుకునేవాళ్లే కదా, లిఫ్టు దండగని పెట్టలేదు."

"మరీ మంచిది. ఎక్కొస్తా."

"అయ్యో, మీరెలా ఎక్కుతారండీ? నడవలేరు కదా."

"పోనీ ఆయన్నే దిగి రమ్మను."

"ఆయన దిగరండీ. మోకాళ్ల నొప్పులు."

కోడలు ముందుకొచ్చింది. "పోనీ కుర్చీ ఇక్కడే వదిలేసి మా పాటికి మేం గేటుకి పోతే?"

"పోవచ్చండీ. కుర్చీ లేకుండా పెద్దమ్మగారి బోర్డింగు పాసు గేటు దగ్గర పనిచేయదు, అంతే. ఆవిణ్ని వదిలేసి మీరు ముగ్గురూ వెళ్తే మాత్రం 'పెద్దలను విడిచిపెట్టుట' కింద నమోదవుతుంది."

"మరి నేను తోస్తా," అన్నాడు కొడుకు.

"జాకెట్టున్నవాళ్లే తొయ్యాలి సార్. నియమం పద్నాలుగు. చదరం దాటే కుర్చీలో ఒకరుండాలి, వెనక జాకెట్టుతో ఒకరుండాలి. నేను చూసేది ఆ రెండే." ఆ మాట అని ఆమె మూడో నంబరు చదరం వైపు వెళ్లిపోయింది. అక్కడ ఇంకెవరో నడవడానికి ప్రయత్నిస్తున్నారు.

పదిన్నరకు కొడుకు ఫోను టింగుమంది. తల్లి అందుకుని చదివింది. కోట ప్రయాణం ఏర్పాటు చేసిన యాత్రా సంస్థ నుంచి సందేశం: 'గౌరవనీయురాలైన కూర్చున్న ప్రయాణికురాలా! మీ పరిస్థితి విమానాశ్రయం ద్వారా తెలిసి చింతిస్తున్నాం. మీ క్షేమం దృష్ట్యా రేపటి మెట్ల యాత్ర రద్దు చేశాం. బదులుగా మెట్లపై నలభై నాలుగు నిమిషాల వీడియో చూపబడును. చల్లని గది.'

ఆవిడ ఇంకోసారి చదివింది. ముప్ఫై మూడేళ్లలో ఏ పిల్లవాడి మీదా చెయ్యెత్తని మనిషి. ఆ రికార్డు ఆ క్షణంలో కొంచెం ఊగింది.

"నా కొండరా," అంది. గొంతు పైకి లేవలేదు. అందుకే కొడుక్కి భయమేసింది. "నీ గంట కోసం నా కొండ తీసేశావు కదరా."

"అక్కడికెళ్లాక మాట్లాడదాంలే అమ్మా..."

"ఎవరితో? పైనున్న డాక్టరుతోనా?"

 పది యాభైకి పైనున్న స్పీకరులోంచి ఒక తీయని గొంతు వాళ్ల విమానం ఎక్కవలసిన వాళ్లంతా ముప్ఫై ఒకటో గేటుకు చేరుకోవాలంది. ముప్ఫై ఒకటో గేటు ఆ భవనానికి రెండో చివర. సహాయకుడు నాలుగు నిమిషాల దూరంలో ఉన్నాడు.

పదకొండు గంటలు. కొడుకు మూడు నంబర్లకు ఫోను చేశాడు. మొదటిది సంగీతం వినిపించింది. రెండోది అదే సంగీతాన్ని మొదటి నుంచి వినిపించింది. మూడోది నడవగలిగితే ఒకటి నొక్కమని, నడవలేకపోతే సంబంధిత కౌంటరుకు నడిచి రమ్మని చెప్పింది.

డ్రిల్లు మేడం కుర్చీలోంచే వెనక్కి తిరిగి కొక్కేనికున్న ఆకుపచ్చ జాకెట్టు చూసింది. పసుపు చదరం చూసింది. అట్ట పట్టుకుని అటు తిరిగి ఉన్న అధికారిణిని చూసింది. ఆఖరున కొడుకును చూసింది. ఆ చూపు బడిలో చదివిన ఎవరికైనా తెలుసు. మైదానం చుట్టూ ఆరు రౌండ్లు.

"ఒరేయ్, ఇలా రా. కూర్చో."

"ఎక్కడ?"

"ఇందులో. నేను లేచే లోపు నువ్వు కూర్చోవాలి. కుర్చీకి తేడా తెలీకూడదు."

"అమ్మా, నలుగురూ చూస్తే..."

"చూస్తే ఏంట్రా? కాస్త కాళ్లు ఈడ్చు. నటించడం నీకు నేను నేర్పాలా?"

"నానమ్మా, ఇది కుర్చీల ఆటే కదా!" అంది మనవరాలు. "నేను లెక్కపెడతా. ఒకటి, రెండు..."

మూడుకి తల్లి పక్కకు జారింది, కొడుకు లోపలికి జారాడు. కుర్చీ నోరెత్తలేదు. బరువు ముప్ఫై కిలోలు పెరిగినా, నియమాల్లో పెరుగుదల గురించి ఎక్కడా లేదు. ఆవిడ జాకెట్టు తొడుక్కుని, కాలితో బ్రేకు వదిలింది.

అధికారిణి ఇటు తిరిగింది. కుర్చీలో ఒకరు. వెనక జాకెట్టుతో ఒకరు. కాగితం మీద రెండు టిక్కులు పెట్టి, "హమ్మయ్య, వచ్చారా! ఇందాకట్నుంచీ మీ కోసమే చూస్తున్నారు పాపం," అంది.

"దారి!" అంది డ్రిల్లు మేడం.

అది అరుపు కాదు. ఐదు వందల మంది పిల్లలున్న మైదానాన్ని మైకు లేకుండా నడిపిన గొంతు. నడవా పొడవునా జనం రెండు వరుసలై గోడలకు అతుక్కున్నారు. ఒక పైలటు అప్రయత్నంగా మడమలు కలిపాడు. కుర్చీ దూసుకుపోయింది. వెనక కోడలు రెండు సంచులతో ఆయాసపడుతూ, మనవరాలు లెఫ్ట్ రైట్ అంటూ. కొడుకు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పదిహేడో గేటు దగ్గర ఒక ముసలాయన, "అయ్యో, ఈ వయసుకేనా!" అని నిట్టూర్చాడు. ఇరవై రెండో గేటు దగ్గర ఎవరో తల్లి తన బిడ్డకు కుర్చీలో మనిషిని చూపించి, పాలు తాగకపోతే ఏమవుతుందో చెప్పింది.

పదకొండు పదమూడుకి ముప్ఫై ఒకటో గేటు. గేటు అధికారి తాడు కట్టేయడానికి వంగినవాడు ఆగాడు. డ్రిల్లు మేడం జాకెట్టు విప్పి కొక్కేనికి తగిలించి, తన పాసు చేతికిచ్చింది.

"మీరూ ప్రయాణికులేనా? మరి తోసింది..."

"నేనే బాబూ. మనిషి రాలేదు. వీడి అమ్మని."

అధికారి తెర వంక చూశాడు. "ఏడో నంబరు కుర్చీ. స్త్రీ. డెబ్భై ఒకటి." కుర్చీలోకి చూశాడు. నలభై నాలుగేళ్లు, మీసం. మళ్లీ తెర చూశాడు. కళ్లను నమ్మాలా తెరను నమ్మాలా అన్న ప్రశ్న ఆయన ఉద్యోగ జీవితంలో ఎప్పుడూ తలెత్తలేదు. కానీ కుర్చీ ఉంది. కుర్చీలో ఉన్నవాడు నడవలేనివాడన్నది నియమం. కాబట్టి తప్పు వయసుదీ, లింగానిదీ అయి ఉండాలి.

"కుర్చీ పొరపాటున మీ పేరు మీద పడ్డట్టుందమ్మా," అన్నాడు నొచ్చుకుంటూ. "ఆయన మీదికి మార్చేస్తా. తిరుగు ప్రయాణానికి కూడా."

"మార్చండి," అంది కోడలు, ఎవరూ అడక్కుండానే.

కొడుకు పాసు మీద స్కానరు ఎర్రదీపం పడింది. ఆయన జేబులో ఫోను రెండుసార్లు టింగుమంది. మనవరాలు లాక్కుని పైకి చదివింది. "నానమ్మా, నీ మెట్లు మళ్లీ ఇచ్చేశారు! నాన్నకి వీడియో అంట. చల్లని గది అంట!"

డ్రిల్లు మేడం మనవరాలి భుజం మీద చెయ్యి వేసి, రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడింది.

"ఒక్క నిమిషమండీ, నేను నిజానికి..." అని కొడుకు లేవబోయాడు. కుర్చీ కుయ్యోమంది. అధికారి ఆయన భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "మీరు కష్టపడకండి సార్. కూర్చున్నవారి తరఫున కుటుంబసభ్యులే చెప్పాలి." తల్లి వైపు తిరిగాడు. "ఒక్క గడి మిగిలిందమ్మా. బాబుగారికి ఈ నడవలేకపోవడం ఎప్పట్నుంచి?"

ఆవిడ కొడుకు వంక చూసి, నిజాయితీగా ఆలోచించింది.

"క్యూ కనబడ్డప్పట్నుంచీ నాయనా."

అధికారి ఆ ముక్కే గడిలో రాసుకుని, ఇది ఇప్పుడు దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఉందనీ, ఎక్కువగా కాళ్లు బాగా ఉన్నవాళ్లకే వస్తోందనీ చెప్పి ఆవిణ్ని ఓదార్చాడు.