బుర్గి బూట్లు భద్రం

స్కీ బూట్లను విమానం క్యాబిన్‌లోకి తీసుకెళ్లేవాళ్లను జైల్లో వేయాలి! ఈ మాట అంటున్నది ముప్పై ఏళ్లుగా ఆస్ట్రియా మంచుకొండల్లోని ఇన్స్‌బ్రుక్‌లో ఉంటూ, ప్రతి చలికాలం ఆ నేరం స్వయంగా చేస్తున్న నేనే. అనుభవంతో చెబుతున్నాను, నమ్మండి.

ఒక్కో బూటు రెండు కిలోల పైమాటే. గట్టి ప్లాస్టిక్కు, దానికి నాలుగేసి ఇనుప కొక్కేలు. తల మీది అరలోంచి అది జారితే కింద కూర్చున్న పెద్దమనిషి గతేమిటి? అప్పుడే ఆయన వేడి సూప్ నోట్లో పెట్టుకుంటుంటే? పైగా బట్టతల అయితే? మనకు పట్టని ఈ చింతలన్నీ విమాన సంస్థలు మన తరఫున పడుతున్నాయి.

ఇక వాసన. ఎవరో బూట్ల సంచి జిప్పు తీయగానే ఆక్సిజన్ మాస్కులు వాటంతటవే దిగొచ్చాయని ఒకాయన నాతో చెప్పాడు. నేను నమ్మాను.

మా వీధి బుర్గి సంగతే చూడండి. యాభై తొమ్మిదేళ్ల మనిషి. ఎప్పుడో విరిగిన ఎడమ చీలమండ వంకరగా అతుక్కుంది. బూట్లు సరిచేసే అలోయిస్ రెండు చలికాలాలు కూర్చుని, ప్లాస్టిక్కును వేడిచేసి, ఉబ్బించి, చెక్కి ఆ వంకరకు సరిపడా బూటు తయారుచేశాడు. ప్రపంచంలో ఆమె కాలు పట్టే స్కీ బూటు అదొక్కటే. నార్వేలో వయసు మళ్లినవాళ్లకు పెట్టే స్కీ పోటీలో పోయినేడు రాగ్న్‌హిల్డ్ అనే ఆవిడ చేతిలో రెప్పపాటు తేడాతో ఓడిపోయింది. ఏడాదంతా ఆ రెప్పపాటు మీదే కన్నేసి బతికింది.

ఈసారి తోడుగా నేనూ బయల్దేరాను. స్కీలను, మామూలు చెప్పులను సామానులో వేసేసి, బూట్లను మాత్రం కాళ్లకే తొడుక్కుని టకటకలాడించుకుంటూ వచ్చింది బుర్గి. మా వైపు ఇది మామూలే. స్కీలు ఎక్కడైనా అద్దెకు దొరుకుతాయి, మన పాదం దొరకదు కదా!

గేటు దగ్గర అమ్మాయి ఆపింది.

"వీటితో ఎక్కకూడదమ్మా. ఏదైనా ప్రమాదం జరిగితే అందరూ విమానంలోంచి బయటికి జారే గాలి బల్ల ఈ కొక్కేలకు చిరిగిపోతుంది."

"అయితే విప్పి పైన పెడతాలే."

"ఎవరి నెత్తినైనా పడితేనో?"

"ఒళ్లో పెట్టుకుంటా తల్లీ, పసిపిల్లను పెట్టుకున్నట్టు."

"పసిపిల్లకైతే టికెట్ ఉంటుంది. ఇటివ్వండి, కింద సామానులో వేస్తాం. అక్కడే భద్రం."

"పోతే?"

"అయ్యో, మా దగ్గర ఎందుకు పోతాయండీ!"

బుర్గి ఊలు మేజోళ్లతో విమానమెక్కింది.

ఆ ప్రయాణంలో ఒక్క తల కూడా పగల్లేదు! ఓస్లోలో దిగాక ఆ గొప్పతనం ఇంకా బాగా తెలిసింది. స్కీలు వచ్చాయి, చెప్పులు వచ్చాయి, బూట్లు రాలేదు. పైన అరలో ఉంటే ఒక తలకు ప్రమాదం. అసలు విమానంలోనే లేకపోతే ఎవరికి ప్రమాదం? ఇంత పకడ్బందీ ఏర్పాటు ఇంకెవరు చేయగలరు?

కౌంటర్‌లో ఫారం ఇచ్చి, పోయిన వస్తువు ఎలా ఉంటుందో రాయమన్నారు. బుర్గి ఎడమ మేజోడు లాగేసి, పాదం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదుగో, దీనిలాగే ఉంటుంది. రాసుకోండి."

పోటీనాటికీ బూట్లు రాలేదు. అద్దె బూట్లతో దిగింది. మూడో మలుపులో కాలు భరించలేక కూలబడింది. నవ్వించడం నా వృత్తే గానీ, ఆ క్షణంలో నాకు ఒళ్లు మండిపోయింది.

రాగ్న్‌హిల్డ్ పతకం మెడలో వేసుకునే పరుగెత్తుకొచ్చింది.

"నీ బూట్లేవే బుర్గీ? ఇలా గెలిస్తే నాకేం సంబరం?"

"భద్రంగా ఉన్నాయట."

"ఎక్కడ?"

బుర్గి వాచిన కాలును మంచులో కూరుకుంటూ అంది:

"ఎక్కడో తెలిస్తే ఇంక భద్రం ఏముందే!"