తొమ్మిది మంది ఏజెంట్లు, ఒక నల్లా

ఉపేందర్ చేతికింద ఒక్కరోజులో తొమ్మిది మంది ఉద్యోగులు చేరారు. వాళ్ళకు జీతం అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు, టీ తాగొస్తామని బయటికి పోయి గంటకు తిరిగొచ్చే అలవాటు లేదు. నాచారంలోని ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఉపేందర్ పన్నెండేళ్ళుగా సూపర్‌వైజర్. అక్కడ అతని అదుపాజ్ఞల్లో ఉండేవి ఒక కాటా, ఒక రబ్బరు స్టాంపు మాత్రమే. కాబట్టి ఆ రోజు అతను అన్నం సగంలోనే లేచి లాప్‌టాప్ ముందు కూర్చోవడాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు.

ఇంత అభివృద్ధి ఎలా సాధ్యమని అడిగేవారు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, చెప్పుల దుకాణం పైన నడిచే శిక్షణ సంస్థకు వెళ్ళవచ్చు. సాఫ్ట్‌వేర్ తెలియకుండానే సాఫ్ట్‌వేర్ తయారు చేయడం అక్కడ ఆరు ఆదివారాల్లో నేర్పుతారు. పాఠం చెప్పే హృషికేశ్‌కు ఇరవయ్యారేళ్ళు. "కోడ్ రాసుడు కూలి పనన్నా! ఇప్పుడది ఏఐ ఏజెంట్లు చేస్తయి. ఒకటి ప్లాన్ వేస్తది, ఒకటి రాస్తది, ఇంకొకటి చెక్ చేస్తది. మీరు హుకుం ఇయ్యాలె, గంతే," అని మొదటి ఆదివారమే అందరినీ అధికారుల్ని చేసేశాడు. కొత్తవాళ్ళు చిన్న ప్రాజెక్టుతో మొదలుపెట్టాలనీ, రెండు ఏజెంట్లు చాలనీ కూడా చెప్పాడు. రెండు అన్న మాట ఉపేందర్‌కు నచ్చలేదు.

ప్రాజెక్టు కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. వాళ్ళ స్నేహలతానగర్ కాలనీ మిట్ట మీద ఉంది. రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. పొద్దున ఆరుకూ పదకొండుకూ మధ్య ఎప్పుడైనా రావచ్చు, వస్తే నలభై నిమిషాలు ఉంటుంది. అంచేత ఇంటికొక మనిషి బిందెలు పెట్టుకొని కాపలా ఉండాలి. ఆ మనిషి ఎవరన్నది సంఘం ఏ తీర్మానంలోనూ రాయలేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఉపేందర్ ఇంట్లో ఆ మనిషి అతని భార్య సరిత. ఆమెకు నాలుగు నెలల క్రితం హబ్సిగూడలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో ముందు కౌంటరు ఉద్యోగం దొరికింది. పొద్దున ఎనిమిదిన్నరకు కుర్చీలో ఉండాలి. పరగడుపున వచ్చినవాళ్ళు "మేడమ్, జర తొందరగ" అని బతిమాలుతుంటే, ఈ లోకంలో తనకూ ఒక చోటు ఉందని ఆమెకు మొదటిసారి అనిపించింది. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. నల్లా పుణ్యమా అని ఈ నెలలో రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే రావద్దని డాక్టరు మర్యాదగానే చెప్పాడు.

"వాల్వు తిప్పే గండయ్య మామకు ముందటి దినమే తెలుస్తదట, రేపు ఎప్పుడు ఇడిసేది. ఆయనను అడుగరాదు?" అంది సరిత.

"అడిగితె ఇంక అండ్ల ప్రాజెక్టు ఏముంటది?" అన్నాడు ఉపేందర్.

పైగా గండయ్యను అడగడం అంత తేలిక కాదు. అందరూ ఆయన్ని విసిగిస్తున్నారని, నీళ్ళ విషయం ప్రధాన కార్యదర్శి ద్వారా మాత్రమే మాట్లాడాలని సంఘం మూడేళ్ళ కిందట తీర్మానించింది. ప్రధాన కార్యదర్శి ఉమామహేశ్వర్ ఆ బాధ్యతను నిష్ఠగా నిర్వహిస్తున్నాడు. పొద్దున నీళ్ళు వచ్చాయని మధ్యాహ్నం రెండింటికల్లా వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాడు.

ఒక వ్యవస్థ ఎలా నడవాలో ఉపేందర్‌కు తెలిసిన నమూనా ఒక్కటే, అది కాలనీ సంఘం. అరవై నాలుగు ఇళ్ళు, ఏడుగురు పదాధికారులు. కాబట్టి నీళ్ళొచ్చే వేళ చెప్పే యాప్ తయారు చేయడానికి పెట్టుకున్న ఏజెంట్లకు కూడా అవే పదవులు ఇచ్చాడు. ఒక అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, నిర్వాహక కార్యదర్శి, సాంస్కృతిక కార్యదర్శి. పని కూడా జరగాలి కదా అని చివర్లో గుర్తొచ్చి, కోడ్ రాయడానికి ఒకరినీ, అది సరిగా ఉందో లేదో పరీక్షించడానికి ఒకరినీ చేర్చాడు.

పనులు చకచకా సాగాయి. నిర్వాహక కార్యదర్శి నలభై రెండు పేజీల ప్రణాళిక సమర్పించాడు. మొదటి ఉపాధ్యక్షుడు ప్రణాళికను మెచ్చుకున్నాడు. రెండో ఉపాధ్యక్షుడు ఆ మెచ్చుకోలును మెచ్చుకున్నాడు. యాప్ తెరవగానే బోనాల శుభాకాంక్షలు చెబుతూ బిందెలు గంతులు వేయాలని సాంస్కృతిక కార్యదర్శి సూచించగా, అందరూ హర్షధ్వానాలు చేశారు. కోడ్ రాసేవాడు మొత్తం యాప్‌ను నాలుగు నిమిషాల్లో రాసి, మిగిలిన మూడు రోజులూ పైవాళ్ళ నోట్‌లకు జవాబులు రాస్తూ గడిపాడు.

ఆటంకం ఒక్కటే వచ్చింది. పరీక్షించేవాడు, బహుశా చిన్న పదవి కావడం వల్ల, లోకజ్ఞానం లేకుండా ఇలా రాశాడు: "నీళ్ళు ఎప్పుడు వస్తాయో ఈ యాప్‌కు తెలిసే మార్గం ఏదీ లేదు. వాల్వు తిప్పే వ్యక్తిని అడగవలసి ఉంటుంది." ఇది ఎజెండాలో లేదని సంయుక్త కార్యదర్శి తోసిపుచ్చాడు. ఆదివారం ప్రారంభోత్సవం వాయిదా పడరాదని అధ్యక్షుడు ఆదేశించాడు. పరీక్షించేవాడు వెంటనే దారికొచ్చాడు. నీళ్ళు వచ్చాయా అన్న పరీక్షను తీసేసి, తెర మీద "నీళ్ళు వచ్చాయి" అన్న మాట కనబడుతోందా అన్న పరీక్షను పెట్టాడు. నలభై ఏడు పరీక్షలకు నలభై ఏడూ నెగ్గాయి. లాప్‌టాప్ నిండా పచ్చటి టిక్కులు చూసి ఉపేందర్‌కు కళ్ళు చెమర్చాయి. కాటా అతనికి ఎన్నడూ అంత గౌరవం ఇవ్వలేదు.

ఆదివారం సంఘం హాలులో అతనికి శాలువా కప్పారు. మూడోసారి ఏకగ్రీవంగా ఎన్నికైన అధ్యక్షుడు కనకరాజు మైకు పట్టుకున్నాడు. "మిత్రులారా! నల్లా కోసం మనం పడ్డ కష్టం పగోనికి సుత వద్దు. ఇయ్యాల్టితోని ఆ తిప్పలకు చరమగీతం! మన ఉపేందర్ తొమ్మిది మందితోని రాత్రింబవళ్ళు పని చేయించి మన కాలనీని ప్రపంచ పటంల పెట్టిండు!" అన్నాడు. ఆయన ఇంట్లో నల్లా ఏ వైపున ఉందో ఆయనకు అప్పటికింకా తెలియదు. సరిత అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇక ఆలస్యం కాదని ఆ సాయంత్రమే డాక్టరుకు ఫోన్ చేసి మాటిచ్చింది కూడా.

సోమవారం పొద్దున సరిగ్గా ఆరింటికి అరవై నాలుగు ఇళ్ళలో ఫోన్లు మోగాయి. తెర మీద బిందెలు గంతులేశాయి. "నీళ్ళు వచ్చాయి. అభినందనలు." ఆడవాళ్ళంతా పరుగున వచ్చి నల్లాలు తిప్పారు. నల్లాలు బుస్సుమన్నాయి. ఏడింటికి యాప్ మళ్ళీ అభినందించింది. ఎనిమిదింటికి కూడా అభినందించింది.

సరిత బ్యాగు భుజాన వేసుకొని, డ్రమ్మును ఈడ్చుకొచ్చి భర్త ముందు పెట్టింది.

"నేను పోతున్న. నీళ్ళు పట్టు."

అభినందనలు అందుకోవడానికని ఉపేందర్ ఆ రోజు సెలవు పెట్టి ఉన్నాడు. "నేనా? నాకు ఏజెంట్లతోని మీటింగ్ ఉన్నది," అన్నాడు.

"తొమ్మిది మంది ఉన్నరు గద నీ కింద. ఒక్కల్ని నల్లా కాడ కూసోమను."

"వాళ్ళకు చేతులు ఉండయి సరితా."

"నీకున్నయి గద," అని ఆమె షేర్ ఆటో ఎక్కింది.

ఉపేందర్ ప్లాస్టిక్ స్టూలు వేసుకొని నల్లా ముందు కూర్చున్నాడు. ఎదురింటి సురేష్ ఆగి, "ఏమన్నా, నౌకరి పోయిందా?" అని పరామర్శించాడు. తర్వాత వచ్చినాయన, "వదినకు పానం బాగలేదా?" అని ఆరా తీశాడు. మగవాడు నల్లా దగ్గర కూర్చోవడానికి మూడో కారణం ఎవరికీ తట్టలేదు. ఉపేందర్ సిగ్గుతో చచ్చిపోతూ, "ఫీల్డ్ టెస్టింగ్ నడుస్తున్నది," అన్నాడు. నీళ్ళు పది నలభైకి వచ్చాయి.

ఈ దృశ్యం చూసినవాళ్ళలో ఉమామహేశ్వర్ భార్య హిమజ ఒకతి. మళ్ళీ నీళ్ళొచ్చే బుధవారం నాడు ఆమె మేడిపల్లిలో అక్కను చూడాలని తెల్లవారే బయల్దేరింది. కనకరాజు భార్య కమలకుమారి మోకాళ్ళ నొప్పులని దుప్పటి కప్పుకుంది. ఆరున్నరకల్లా పదకొండు మంది మగవాళ్ళు పదకొండు నల్లాల ముందు స్టూళ్ళ మీద ఉన్నారు. అధ్యక్షులవారు తొమ్మిది ఇరవైకి నీళ్ళు వచ్చేదాకా కూర్చొని, ఎదురుచూడటమనేది చాలా కష్టమైన పని అనీ, మధ్యలో లేచి స్నానానికి కూడా పోరాదనీ కనుగొన్నారు.

పదింటికి అత్యవసర సమావేశం జరిగింది. పదకొండు నిమిషాల్లో ముగిసింది. గండయ్యను పిలిపించారు.

"గండయ్యా, నీళ్ళు ఎప్పుడు ఇడిసేది నీకు ముందుగాల తెలుస్తదా?" అని కనకరాజు గంభీరంగా అడిగాడు.

"తెల్వకుంటె వాల్వు ఎట్ల తిప్పుత సారు? ముందటి దినం పొద్దుగూకినంక ఫోనొస్తది."

"మరి గోడ మీద రాసుడుకేమాయె?"

"ఎవ్వలకు చెప్పొద్దన్నది మీరే గద సారు."

ఒక సుద్దముక్క మంజూరైంది. గురువారం సాయంత్రం వాల్వు పక్క గోడ మీద "రేపు 7.10" అని గండయ్య వంకర అక్షరాలతో రాశాడు. శుక్రవారం ఏడూ పదికి నీళ్ళు వచ్చాయి. సరిత డ్రమ్ము నింపి, తీరిగ్గా తల దువ్వుకొని, షట్టరు ఎత్తకముందే హబ్సిగూడలో ఉంది. ఉపేందర్ ఫ్యాక్టరీకి పోయి కాటా ముందు కూర్చున్నాడు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

వచ్చిన ఆదివారం సంఘం అభినందన తీర్మానం చేసింది. దాన్ని ఉపేందర్ ఏజెంట్లే తయారు చేశారు. సంయుక్త కార్యదర్శి రాయగా తక్కినవాళ్ళు ఏకగ్రీవంగా ఆమోదించారు. పరీక్షించేవాడికి కూడా ఈసారి ఏ అభ్యంతరమూ లేదు. అందులో ఇలా ఉంది: "కాలనీలో నీటి సమస్య ప్రారంభమైనది: సోమవారం ఉదయం ఎనిమిది గంటలు. పరిష్కరించబడినది: బుధవారం ఉదయం పది గంటల పదకొండు నిమిషాలు."

సోమవారం అన్న మాట దగ్గర ఉపేందర్ వేలు ఒక్క క్షణం ఆగింది. పక్క వరుసలో కూర్చున్న సరిత వైపు చూశాడు. ఆమె కూడా అది చదివి అతనివైపే చూస్తోంది. అతను తల వంచుకొని ఆమోదం నొక్కాడు. తర్వాత అరవై నాలుగు ఇళ్ళ యజమానులూ వరసగా సంతకాలు పెట్టారు. ఆ సోమవారానికి ముందు స్నేహలతానగర్‌లో నీళ్ళ కోసం ఎవరైనా ఎదురుచూసినట్టు సంఘం రికార్డుల్లో ఎక్కడా లేదు.