పెండింగ్ సున్నా

“ఈ శాఖలో ఆలస్యం అనే మాట ఇవాళ్టితో చచ్చిపోయింది” అని ప్రకటించి, ఫిర్యాదుల పరిష్కార శాఖ మంత్రిగారు విలేకరులందరూ చూస్తుండగా లాప్‌టాప్ బటన్ నొక్కారు. ఇకపై కాగితం లేదు, కట్ట లేదు, కట్టకి తాడు లేదు. జనం ఇచ్చిన అర్జీలన్నీ ఆ పెట్టెలోకి ఎక్కుతాయి. మంత్రిగారు వేలితో తాకగానే సమస్య తీరిపోతుంది.

తెర మీద చిన్న గుండ్రం ఒకటి తిరగడం మొదలెట్టింది. అది తిరుగుతుండగా మంత్రిగారు వేగం గురించి ఉపన్యసించారు. ఉపన్యాసం అయిపోయింది, గుండ్రం ఆగలేదు. సమయస్ఫూర్తి గల నాయకుడు కనక, ఆయన వెంటనే ఓర్పు గురించి మరో ఉపన్యాసం అందుకున్నారు. విలేకరులు దాన్ని కూడా రాసుకున్నారు.

మంత్రిగారి కుర్చీ వెనక నిలబడ్డ పీఏ మాత్రం ఆ గుండ్రం వైపే చూస్తున్నాడు. ఆయన ఉద్యోగమంతా కుర్చీల వెనకే గడిచింది. మంత్రులు మారారు, కుర్చీలు మారాయి, వెనక నిలబడే మనిషి మారలేదు. అంతటి నమ్మకస్తుడికి కూడా ఆ పెట్టెతో ఒక సొంత అవసరం పడింది. వాళ్ళ వీధి కుళాయిలు ఎండిపోయి చాలా కాలమైంది. కొత్త పైపు వీధి మొగదాకా వచ్చి ఆగిపోయింది, దాన్ని కలపడానికి మంత్రిగారి అనుమతి కావాలి. పీఏ భార్య వీధిలోని ఆడవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చింది. దాన్ని పీఏ స్వయంగా లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. కాగితాన్ని శాఖ నిబంధన ప్రకారం మిగతా కాగితాలతో పాటు తుక్కుకి పంపేశాడు.

“అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మీ శాఖ” అంది ఆవిడ ఒకరోజు, ట్యాంకరు దగ్గర పట్టుకొచ్చిన బిందె దించి నడుం పట్టుకుంటూ. “కాగితం ఇస్తే వద్దంటారు. పెట్టెలో పెడితే తెరుచుకోదంటారు. పొద్దస్తమానం ఆయన వెనకే ఉంటారు కదా, చెవిలో ఒక్క మాట వెయ్యలేరా?”

“వేస్తాను, సమయం చూసి వేస్తాను” అన్నాడు పీఏ.

సమయం చిక్కలేదు. లాప్‌టాప్ రోజురోజుకీ మరింత నెమ్మదించింది. పొద్దున స్విచ్ వేస్తే భోజనాల వేళకి గానీ అర్జీల జాబితా కనపడేది కాదు. భోజనం చేసొచ్చేసరికి అది మళ్ళీ నిద్రపోయేది. పత్రికలు వెక్కిరించాయి. “లాప్‌టాప్ నెమ్మదిగా లేదు, ప్రజా సమస్యల గురించి లోతుగా ఆలోచిస్తోంది” అని మంత్రిగారు వివరణ ఇచ్చారు. ఆ వాక్యం పీఏనే రాశాడు. బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు.

చివరికి శాఖ కంప్యూటర్ విభాగం నుంచి ఇంజనీరమ్మని పిలిపించారు. ఆవిడ కాసేపు మీటలు నొక్కి చూసింది.

“స్విచ్ వెయ్యగానే పిలవకపోయినా బోలెడు ప్రోగ్రాములు వచ్చి కూర్చుంటున్నాయండీ. పనేమీ చెయ్యవు. ఊరికే మెమరీ తింటుంటాయి.”

మంత్రిగారు గదంతా ఒకసారి కలయజూశారు. సోఫాలోని సలహాదారులు సర్దుకు కూర్చున్నారు. స్పీడు సలహాదారుగా ఉన్న ఆయన బావమరిది చేతిలోని బిస్కెట్టు తిరిగి ప్లేటులో పెట్టేశాడు.

“తీసేస్తే?”

“స్పీడొస్తుందండీ.”

“అలగరూ?”

“ప్రోగ్రాములండీ అవి. అలగవు.”

“మీకు రాజకీయం తెలీదమ్మా” అన్నారు మంత్రిగారు దయగా. “ఉండనివ్వండి. ఇంకా?”

“యాంటీవైరస్‌లు రెండున్నాయండీ. ఒకదాన్నొకటి వైరస్ అనుకుని రోజంతా కొట్టుకుంటున్నాయి.”

“ఒకటి పార్టీ అధ్యక్షుల వారి అల్లుడిది. రెండోది నేను వేయించింది” అన్నాడు బావమరిది.

“మరి అసలు వైరస్‌లు?” అడిగారు మంత్రిగారు.

“వాటి జోలికి ఎవరూ పోవట్లేదండీ. హాయిగా ఉన్నాయి.”

మంత్రిగారు బాగా ఆలోచించారు. “రెండింటినీ సమానంగా చూడాలి. ఏ ఒక్కదాన్ని తీసినా పైకి తప్పుడు సంకేతం వెళ్తుంది. ఇంకా?”

“మీ ఫొటోలండీ. ఒకే రిబ్బను కత్తిరిస్తున్నవి కుప్పలుగా ఉన్నాయి. ఒక్కటి ఉంచి మిగతావి...”

“ఒకటే ఎలా అవుతాయమ్మా? సరిగ్గా చూడండి. ఇందులో కత్తెర తెరుచుకునుంది. ఇందులో మూసుకునుంది.”

ఇంజనీరమ్మ సరిగ్గా చూసింది. నిజమే.

“అయితే ఇంకాస్త పెద్ద డిస్కు వేద్దామండీ. అన్నీ ఉంటాయి, స్పీడూ ఉంటుంది. సాయంత్రానికల్లా అయిపోతుంది.”

గదిలో ఒక్క క్షణం ఆశ మెరిసింది. పీఏకైతే గుండె తేలికపడింది.

“అంటే ఇప్పుడున్నది పనికిరాదని మనమే ఒప్పుకున్నట్టు కదా?” అన్నారు మంత్రిగారు. “దీన్ని ప్రారంభించింది ఎవరు?”

ఎవరో అందరికీ తెలుసు కనక ఎవరూ జవాబు చెప్పలేదు. బావమరిది లేచి తెర మీదకి వంగాడు.

“ఇదేంటి, ఇంత పెద్ద ఫోల్డరు?”

“అర్జీలండీ” అంది ఇంజనీరమ్మ.

“ఎవరి తాలూకు?”

“ఎవరి తాలూకూ కాదండీ. జనానివి.”

“వెనకాల ఎవరూ లేరా?” మంత్రిగారి ముఖం విచ్చుకుంది.

“ఇవి తీస్తే మళ్ళీ రావండీ. కాగితాలు కూడా లేవు కదా. ఈ పని నా చేత్తో నేను చెయ్యను” అని ఇంజనీరమ్మ కుర్చీలోంచి లేచింది. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడకి పాపం రాజకీయం నిజంగానే తెలీదు.

కుర్చీ ఖాళీగా ఉంది. మంత్రిగారు వెనక్కి తిరిగారు.

“మీరు కూర్చోండి. మీ చెయ్యి మంచిది.”

పీఏ ఆ గదిలో కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. “సార్, ఇందులో కొన్ని... ముఖ్యమైనవి ఉన్నాయండీ.”

“ముఖ్యమైనవైతే మళ్ళీ రాస్తారు. ప్రజల జ్ఞాపకశక్తి మీద నాకు అపారమైన నమ్మకం ఉంది.”

మా వీధిది కూడా ఉంది సార్, అన్న మాట పీఏ గొంతుదాకా వచ్చింది. సలహాదారులు చూస్తున్నారు. బావమరిది మళ్ళీ బిస్కెట్టు అందుకున్నాడు. సొంత పని కోసం పదవిని వాడుకున్నాడనే మాట తన మీద ఇన్నేళ్ళలో ఎన్నడూ రాలేదన్న సంగతి పీఏకి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. వేలు కదిలింది.

“నిజంగానే తీసెయ్యాలా?” అని తెర అడిగింది. ఆ గదిలో ఆ ప్రశ్న అడిగింది అదొక్కటే. అవునని పీఏ నొక్కాడు.

లాప్‌టాప్ లేడిపిల్లయింది.

మర్నాడు విలేకరుల సమావేశం కిటకిటలాడింది. మంత్రిగారు బటన్ నొక్కేలోపే తెర వెలిగింది. “పరిష్కారం కాని అర్జీలెన్ని?” అని ఒక విలేకరి అడిగాడు. మంత్రిగారు వేలితో తాకారు. కన్ను మూసి తెరిచేలోగా తెర నిండా పెద్ద సున్నా వచ్చింది. ముందు సలహాదారులు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. కుర్చీ వెనక నిలబడి పీఏ కూడా కొట్టాడు. టీవీలో ఆయన చేతులు బాగా కనిపించాయి.

సాయంత్రం పీఏ ఇల్లు చేరేసరికి వీధిలో పెద్ద సందడిగా ఉంది. ఇంటింటి ముందూ బిందెలు, బకెట్లు, డ్రమ్ములు, ఆఖరికి అన్నం గిన్నెలు కూడా బారులు తీరి ఉన్నాయి. ట్యాంకరు వస్తే ఆడవాళ్ళు వెనక్కి పంపేశారట. భార్య ఎదురొచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ ముఖం అంతగా వెలగడం ఆయన చూడలేదు.

“టీవీలో చూశామండీ! ఒక్క అర్జీ కూడా మిగల్లేదని చెప్పారు. అంటే మనదీ అయిపోయినట్టేగా?”

“అయిపోయింది” అన్నాడు పీఏ. అబద్ధమాడడం ఆయనకి అలవాటు లేదు.

“చూశారా, మా ఆయన నోరు తెరిచి చెప్పుకోరు గానీ పని చేసి చూపిస్తారు!” అంది ఆవిడ అందరితో.

“ఇంకెందుకాలస్యం, మొదటి కుళాయి ఆయన చేత్తోనే తిప్పించండి” అంది ఎదురింటి పెద్దావిడ.

పీఏని అందరూ కలిసి కుళాయి దగ్గరికి నడిపించారు. ఆయన ఏదో చెప్పబోయాడు. ఎవరో “మాటలు తర్వాత బాబూ, ముందు నీళ్ళు” అన్నారు. ఆయన తిప్పాడు.

కుళాయి లోపల ఏదో గురగురమంది. తర్వాత గట్టిగా గాలి తన్నుకొచ్చింది.

“గాలొచ్చిందంటే వెనకాలే నీళ్ళున్నట్టే” అంది పెద్దావిడ.

వీధంతా చప్పట్లు కొట్టింది. పీఏ కూడా కొట్టాడు.